పరిగె చేనులో కోతమిషన్

మొదట్లో సాల్మన్ చేతిలో ఉన్నది సుల్తానాబాద్ బస్టాండు వెనక ఒక దుకాణపు మడిగె, రెండు కంప్యూటర్లు, ఇచ్చిన మాట మీద నిలబడతాడన్న పేరు. ఆ పేరు చూసే రైసుమిల్లు భూపాల్‌రావు ఒప్పుకున్నాడు. సాల్మన్ తెచ్చే లెక్కల సాఫ్ట్‌వేర్ రేపు మిల్లులో పెట్టి చూస్తాడు. నచ్చిందా, మంథని దాకా తన చుట్టాల మిల్లులన్నిటికీ అదే.

సాఫ్ట్‌వేర్ సాల్మన్ రాసింది కాదు. ఏదో కంపెనీ కోడంతా ఇంటర్నెట్‌లో తెరిచి పెడితే దించుకుని, తెలుగు ఎక్కించి, వడ్ల తేమకు తరుగు తీసే లెక్క కలిపాడు.

"కోత అయినంక చేన్ల రాలిన పరిగె ఏరుకున్నట్టే! ఎవరడుగుతరు?" అన్నాడు భార్యతో హుషారుగా.

స్తుతి తెర మీది లైసెన్సు చదువుతూ నవ్వింది. "పరిగె ఏరితే ఎవరేమంటరయ్యా? నువ్వు కోతమిషన్ దింపుతున్నవ్. చూడొచ్చు, మార్చొచ్చు, నీ మడిగెల వాడుకోవచ్చు. ఇంకొకరికి అమ్మొద్దని రాసిండ్రు."

సాల్మన్ ఆమె పక్కకొచ్చి తెరలోకి తొంగి చూశాడు. రేపు పోకుంటే మాట పోతుంది. మిల్లుకు పోతే దొంగసరుకు అమ్మినట్టు.

"జర కిందికి చదువు. ఏమన్న సందుంటదేమో."

"సందు గాదు, తొవ్వనే ఉన్నది!" స్తుతి కుర్చీ ముందుకు జరుపుకుంది. "ఏ వర్షన్‌కైనా నాలుగేండ్లు నిండితే గా షరతు పోతదట. అమ్ముకోవచ్చు. కొన్నోళ్లకు నువ్వు మార్చిన కోడ్ గూడ ఇయ్యాలె, అంతే."

"నాలుగేండ్ల కిందిది దొరుకుతదా?"

"దొరుకుతది. పాతది మరి."

"మన వడ్లేమన్న కొత్తగ తూగుతున్నయా? దించు!"

పాత వర్షన్ తరుగు లెక్క దగ్గర మొరాయించింది. ఇద్దరూ దాన్ని తిట్టుకుంటూ, ఒకరినొకరు ఎగతాళి చేసుకుంటూ పొద్దు వాలేలోపు దారికి తెచ్చారు.

తెల్లారి మిల్లులో ట్రాక్టరు వడ్లు తూచారు. తేమ, తరుగు, హమాలీ, అన్నీ తెర మీద సరిగ్గా పడ్డాయి. భూపాల్‌రావు కళ్లద్దాలు సర్దుకున్నాడు.

"ఏమోయ్, కోడ్ గూడ ఇస్తనంటున్నవ్. మంథనిల మా బామ్మర్ది నీకు చెప్పకుంటనే పెట్టుకుంటే?"

"పెట్టుకోనియ్యుండ్రి సార్. ఖరాబైతే నన్నే పిలుస్తడు గదా!"

భూపాల్‌రావు పగలబడి నవ్వి, అక్కడే నిలబడి మంథనికి ఫోన్ కలిపి, చుట్టాల మిల్లులు ఇంకో రెండింటికి పని ఖాయం చేశాడు.

ఇంటి తొవ్వలో సాల్మన్ లెక్క కట్టుకున్నాడు. కొత్త వర్షన్ సోకులు పోయాయి. మూడు మిల్లుల పని దొరికింది, అదీ ఎవరొచ్చి అడిగినా దాచాల్సిన పని లేనిది. నికరంగా లాభమే.