గుర్తులు పీకిన బట్టలు

లువీనియాను పట్టుకుపోయిన బుధవారం నేను ఆమె దొడ్లోనే ఉన్నాను. ఇద్దరం బట్టల కాగు కింద మంట ఎగదోస్తున్నాం. పోలీసు ప్రూయిట్ గేటు తన్నుకుని లోపలికొచ్చాడు.

"మిసెస్ టారంట్ వంటింట్లో పని ఎందుకు మానేశావే?"

"చంటిదుందయ్యా. ఇంటి దగ్గరే బట్టలుతుక్కుంటున్నా. మా ఆయన సైన్యంలో ఉన్నాడు."

"పని చెయ్యి, లేదా యుద్ధానికి పో. చట్టం తెలీదా?"

"పొమ్మంటే పోతా. తుపాకీ ఇస్తావా?"

ఆ మాటకే జుట్టు పట్టి ఈడ్చుకుపోయాడు. అది మగవాళ్ల కోసం చేసిన చట్టం. 1918 ఎండాకాలంలో అమెరికాలోని మా జార్జియా దొరసానుల వంటిళ్లు ఖాళీ అవుతుంటే దాన్ని నల్ల ఆడవాళ్ల మీదికి తిప్పారు. ఆమె మొగుడు ఎజ్రా ఫ్రాన్సులో ఉన్నాడు. ప్రజాస్వామ్యాన్ని కాపాడాలని తీసుకుపోయి, చేతికి పార ఇచ్చి శవాలకు గోతులు తవ్విస్తున్నారట. ఇక్కడ అతని పెళ్లానికి ముప్పై రోజుల జైలు వేశారు.

నాలుగు నెలల డోవీ నా చేతుల్లో మిగిలింది. జైలు గుమ్మం దగ్గరికి ఎత్తుకుపోయాను.

"ఒక్కసారి పాలిచ్చుకోనియ్యండి బాబూ."

"ఇది జైలు, పశువుల కొట్టం కాదు" అన్నాడు ప్రూయిట్.

పిల్ల ఏడుపు విని లువీనియా లోపల తలుపు బాదుతోంది. ఆ చప్పుడు వింటూనే వెనక్కి తిరిగాను. డబ్బా పాలు పడితే పిల్ల కక్కేసింది. తల్లి పాలు తప్ప దాన్ని బతికించేది లేదని నాకు తెలుసు.

మర్నాడు చర్చిలో ఉతికేవాళ్లమంతా కూడాం.

"యుద్ధం అయ్యేదాకా ఓర్చుకుందాం. మన విధేయత చూస్తే వాళ్ల మనసు మారుతుంది" అన్నాడు పాస్టరు.

"ఓర్చుకోడానికి చంటిదానికి టైమెక్కడుందయ్యా?" అంది ముసలి సెలా.

"అయితే రేపట్నుంచి బట్టలు ముట్టొద్దు" అన్నాను.

"మానేస్తే మనల్నీ లోపలేస్తారు హెస్టర్! వాళ్లక్కావలసిందదే. మానొద్దు. శుభ్రంగా ఉతుకుదాం. ఆరెయ్యకుండా తిరిగిచ్చేద్దాం. మన గుర్తులు పీకేద్దాం" అంది సెలా.

నవ్వు ఒక్కసారిగా పొంగింది. మాలో చాలామందికి చదువు రాదు. ఎవరి బట్ట ఎవరిదో తెలియడానికి అంచుల్లో రంగు దారంతో గుర్తు కుట్టుకుంటాం. ఆ గుర్తులు మాకు తప్ప ఎవరికీ తెలియవు. అవి పీకేసినా, ఏళ్ల తరబడి ఉతికిన బట్ట ఎవరిదో మా చేతులు చెబుతాయి.

శనివారం నలభైమందిమి తడి మూటలు మోసుకెళ్లి కోర్టు మెట్ల మీద గుమ్మరించాం. ఊళ్లోని తెల్లవాళ్ల దుప్పట్లు, లంగాలు, జడ్జి చొక్కాలు అన్నీ ఒకటే గుట్ట.

"పని చేశాం దొరా. లువీనియాను వదిలితే గుర్తుపట్టి ఆరేసిస్తాం" అంది సెలా.

ఇద్దరు దొరసానులు ఒకే లంగా పట్టుకుని నాదంటే నాదని లాక్కున్నారు. ఆదివారం చర్చికి వాళ్లు మాసిన బట్టలతోనే వెళ్లారు. సోమవారం ఉదయం జడ్జి లువీనియాను పిలిపించాడు.

"పో, వెళ్లి నీ పిల్లకు పాలిచ్చుకో" అన్నాడు.

మేం గెలిచాం. కానీ ఆ పొద్దున్నే డోవీ నా ఒళ్లో పోయింది.

లువీనియా బయటికొచ్చింది. గౌను ముందు భాగమంతా పాలతో తడిసి ఉంది. నా చేతుల వంక చూసింది.

"అక్కా, డోవీ ఏది?"

"పోయిందే తల్లీ. పొద్దున్నే పోయింది. నేను నిలబెట్టలేకపోయానే!"

ఆమె ఆ బట్టల గుట్ట మీదే కూలబడి గుండెలు బాదుకుంది. నా బతుకులో అలాంటి ఏడుపు మళ్లీ వినలేదు, వినాలనీ లేదు. కోర్టు గుమాస్తా మాత్రం మెట్ల మీంచి అరిచాడు.

"వదిలారు కదా! ఇక బట్టలు తియ్యండి!"

లువీనియా చాలాసేపటికి లేచింది.

"లోపల నాతోపాటు ఇంకో ఇద్దరున్నారక్కా. ఒకామె చంటిపిల్లాడు ఇంటి దగ్గర ఇంకా బతికే ఉన్నాడు. వాణ్ణి తీసుకురండి, నా పాలిస్తా."

ఆమె వెళ్లి జైలు గుమ్మానికి అడ్డంగా కూర్చుంది. గుట్టను అలాగే వదిలేసి మేమంతా ఆమె పక్కన కూర్చున్నాం. ప్రూయిట్ లాఠీ తీసి లెమ్మన్నాడు. సెలా పిల్లాడి కోసం పరిగెత్తింది. మిగిలినవాళ్లం ఒక్కరమూ లేవలేదు.