గ్రహణం నాటికి ఏడో నెల

పాపకి పాలు పట్టడం మా ఇంట్లో లెక్కలోకి రాని పని. దాన్ని ఒళ్లో నిటారుగా కూర్చోబెట్టి, చెంచాతో చుక్క చుక్కా పొయ్యాలి. సగం గొంతులోకి పోతుంది, సగం ముక్కులోంచి బయటికొస్తుంది. తుడవాలి, మళ్లీ పొయ్యాలి. గ్లాసుడు పాలకి గంట పడుతుంది. "కూకున్న పనే గదా" అంటుంది మా అత్త దేముడమ్మ అటుగా పోతూ. ఆ వెనకే రోజూ అనే మాట కూడా అంటుంది. "గ్రహణం నాడు కత్తిపీట ముట్టి దాని మూతి కోసీసినావు. ఇప్పుడు అనుభవించు."

ఆవిడ మా నాన్నకి సొంత అక్క. "పరాయి పిల్ల వొస్తే నా కొడుకుని సూస్తాదా" అని ఏరి కోరి నన్ను తెచ్చుకుంది. మా బావ వినోద్ గరివిడిలో ఫ్యాక్టరీ పనికి వెళ్తాడు. ఆ గ్రహణం రోజు సాయంత్రం నైట్ డ్యూటీకి తయారవుతూ, "బెండకాయలు కోసుంచు కుమారీ, గ్రహణం ఇడిసేక కోసి వండితే నాకు టైమైపోతాది" అన్నది ఆయనే. అత్త పడుకుని ఉంది. నాకు ఏడో నెల. కోశాను. పాప పై పెదవి చీలి పుట్టింది, అంగిలి కూడా తెరుచుకునే ఉంది. కోయమన్న మనిషి మాత్రం ఆ మాట ఈ రోజుకీ ఎత్తలేదు.

కుళాయి దగ్గర, ఆటోలో, పెళ్లి పందిట్లో, ఎవరు పాప మొహం చూసినా అత్త బెండకాయల కథ మొదలుపెట్టేది. మా నాన్న కూడా తల దించుకుని, "అక్క సెప్పింది ఇనాల గదమ్మా" అన్నాడు. అన్నిటికంటే సిగ్గు ఏమిటంటే, నేనూ నమ్మాను. డిగ్రీ చదివిన మొద్దుని! నా చేతులతో నేనే నా పిల్ల మొహం కోశానని ఏడ్చేదాన్ని. అయినా రెండు పూటలా కత్తిపీట ముందు కూర్చునేదాన్ని. నేను కొయ్యకపోతే ఆ ఇంట్లో ఇంకెవరు కోస్తారు?

పాపకి ఆరో నెల వచ్చాక పెదవికి కుట్లు వేశారు. పోయిన నెల అంగిలి ఆపరేషన్ తేదీ కోసం వెళ్లినప్పుడు కొత్త డాక్టరమ్మ మొదటి నుంచీ అన్నీ అడిగింది. నేరం ఒప్పుకున్నట్టు బెండకాయల సంగతి చెప్పాను. "అప్పటికి ఎన్నో నెల?" అంది. చెప్పాను. "పై పెదవి రెండో నెల దాటకముందే అతుక్కుపోతుందమ్మా, అంగిలి మూడో నెలలో. ఏడో నెలలో నువ్వు సంతలో కూరలన్నీ కోసినా బిడ్డకేమీ కాదు. రెండో నెలలో ఏం జరిగింది?"

రెండో నెలలో మగపిల్లాడు పుట్టాలని మందు తాగాను. పాతపట్నం అవతల ఎవరో నాటు వైద్యుడిచ్చే పొడి. కోడెదూడ ఉన్న ఆవు పాలలో కలిపి, పరగడుపున, తూర్పుకి తిరిగి, పళ్లకి తగలకుండా మింగాలి. అత్తే తెచ్చి తాగించింది. డాక్టరమ్మ రాసుకుంటూ ఆగింది. "అదే కారణమని నేను ఒట్టేసి చెప్పలేను. రక్తంలో వచ్చేవి కొన్ని, మీది మేనరికం కూడా. కానీ ఆ పొడిలో ఏముందో ఎవరికీ తెలీదు. ఈసారి ముట్టుకోకు." బావకి చెబితే, "డాక్టర్లు సవాలచ్చ అంటారు. అమ్మ దగ్గర అనకు" అని ఫోన్ చూసుకున్నాడు.

ఇప్పుడు నాకు మళ్లీ రెండో నెల. ఈ పొద్దున అత్త పాలగ్లాసు తెచ్చి నా చేతిలో పెట్టింది. పొడి ఇంకా పైన తేలుతోంది. "తూరుపుకి తిరుగు. ఈసారైనా వంశం నిలబెట్టు." బావ ఎదురుగా కుర్చీలో ఫోన్ చూసుకుంటున్నాడు. నా చేతిలో గ్లాసు చూశాడు. మళ్లీ ఫోన్‌లోకి పోయాడు.

"రాణికీ ఓ పొట్లం పంపీసినాను, దానికీ రెండో నెలే గదా" అంది అత్త. రాణి ఆయన చెల్లెలు, పొందూరులో ఉంటుంది.

బావ కుర్చీలోంచి ఎగిరి లేచాడు. "దానికెందుకు పంపినావమ్మా! తాగొద్దని ఫోన్ సెయ్! పాప పుట్టిన్నాడే పెద్ద డాక్టరు నాతో సెప్పినాడు, ఆ మందు వల్లే అయ్యుంటాదని..."

అప్పుడు నావైపు చూశాడు.

"పుట్టిన రోజే తెలుసా నీకు?" అన్నాను.

"అమ్మకి తెలిస్తే కుమిలిపోతాదని సెప్పనేదు కుమారీ. నువ్వైతే ఓర్సుకుంటావు గదా."

ఏడాదిన్నర! నా బిడ్డ మొహం నేనే కోశానని నేను ఏడుస్తుంటే పక్కన కూర్చుని అన్నం తిన్నాడు ఈ మనిషి. చెల్లెలి వంతు వచ్చేసరికి మాత్రం కుర్చీ తన్నుకుని లేచాడు. గ్లాసు తీసుకెళ్లి తూములో ఒంపేశాను. నా ఫోన్ తీసి, అందరికీ వినపడేలా పెట్టి, రాణికి చేశాను.

"రాణీ, మీ అమ్మ పంపిన మందు తాగకు."

"మొన్నే తాగీసినాను వదినా. ఏటి, ఏటవుతాది?"

అత్త నేలమీద కూలబడింది. "ఓలమ్మా, నా కూతురే!" అని గుండె బాదుకుంది. నా కూతురి కోసం ఆ గొంతు ఒక్కసారి కూడా అలా పలకలేదు. బావ రెండు చేతులూ జోడించి గుసగుసలాడాడు. "ఏటీ కాదని సెప్పు. పాపది గ్రహణమే అని సెప్పు. ఈ ఒక్కసారికి అనీయ్. అది బెదిరిపోతాది."

"వదినా, మాటాడవేటి?"

"ఏమవుతుందో నాకు తెలీదు రాణీ. ఏమీ కాకపోవచ్చు. రేపు పొద్దున్నే వచ్చీయ్, డాక్టరమ్మ దగ్గరికి ఇద్దరం ఎల్దాం. ఒక్కటి మాత్రం ఇప్పుడే ఇను. నీకెలాటి బిడ్డ పుట్టినా తప్పు నీది కాదు. నాదీ కాదు. ఆ సంగతి పాప పుట్టిన్నాటి నుంచీ మీ అన్నకి తెలుసు."

అవతలి నుంచి సన్నగా, "అన్నా?" అంది రాణి.

ఫోన్ తీసుకెళ్లి ఆయన చేతిలో పెట్టాను.

"నీ చెల్లెలు. నువ్వే చెప్పు."