నలభై గంటల గుంయ్

శనివారం మధ్యాహ్నం 12 గంటల 26 నిమిషాలకు, వేమత్ తీరం నుంచి ఎగిరి వచ్చిన మేవిస్ అనే పందెపు పావురం టిప్టన్‌లో తన యజమాని హోరేస్ టాండీ ఇంటి కప్పు మీద వాలింది. గూట్లోకి వెళ్ళింది 12 గంటల 37 నిమిషాలకు.

పందెంలో లెక్కకు వచ్చేది పావురం గూటి గుమ్మంలోని పలక మీద కాలు పెట్టిన సమయం. కాలి కడియాన్ని ఆ పలక గుర్తించి గడియారంలో నమోదు చేస్తుంది. కప్పు మీద ఎంతసేపు కూర్చున్నా అది ఎగురుతున్నట్టే లెక్క. ఆ పదకొండు నిమిషాల వల్ల మొదటి స్థానంలో ఉండాల్సిన మేవిస్ తొమ్మిదో స్థానానికి పడిపోయింది.

హోరేస్‌కు డెబ్బై ఒక్క ఏళ్ళు. పోతపని కర్మాగారంలో చేసి రిటైరయ్యాడు. క్లబ్బు వార్షిక కప్పు కోసం పంతొమ్మిదేళ్ళుగా పందేలు ఆడుతున్నాడు. నాలుగుసార్లు రెండో స్థానం వచ్చింది. ఈ ఏడు ఇక మిగిలింది వచ్చే శనివారం పందెం ఒక్కటే. అందులో మొదటి స్థానం వస్తేనే కప్పు.

మేవిస్ కప్పు మీద కూర్చున్నంతసేపూ కంచె అవతలి షెడ్డులో నుంచి గుంయ్‌మనే మోత ఒకటి వస్తూనే ఉంది. షెడ్డు క్లైవ్ డాంక్స్‌ది. అతను పగలు బస్సు నడుపుతాడు, వారాంతాల్లో పబ్బుల్లో గిటార్ వాయిస్తాడు. హోరేస్ కంచె దగ్గరికి వెళ్ళాడు.

“ఏమయ్యా క్లైవ్, ఏంటా మోత? తేనెపట్టు పెట్టావా లోపల?”

“కొత్త స్పీకరండీ. సాగదీస్తున్నా.”

“అదేమన్నా రబ్బరా?”

“లోపలుండేది కాగితమేగా. కొత్తలో బిగదీసుకుని ఉంటుంది. చెవిలో సూది గుచ్చినట్టుంటుంది శబ్దం. నలభై గంటలు లావు స్వరం పెట్టి వదిలేస్తే మెత్తబడుతుంది. ఇప్పటికి ఆరు గంటలయింది.”

క్లైవ్ భార్య బ్రెండా బట్టలు ఆరేస్తోంది. “నన్ను చేసుకుని ముప్పై ఏళ్ళయింది, ఈయనింకా మెత్తబడలేదు. నలభై గంటల్లో ఆ కాగితం మెత్తబడుతుందట” అంది.

“నా పావురం నీ మోతకు బెదిరి కప్పు దిగలేదయ్యా” అన్నాడు హోరేస్.

“వచ్చే శనివారానికి పూర్తయిపోతుందండీ. ఆ రోజు చప్పుడే చెయ్యను. మాట.”

“ఈ వారమంతా నా పావురాలు పాడైపోతే శనివారం నీ మాట ఏం చేసుకోను?”

“మధ్యలో ఆపితే సగం ఉడికిన బంగాళాదుంపలా తయారవుతుందండీ.”

హోరేస్ క్లబ్బు కార్యదర్శి ఓల్విన్ రౌండ్‌కు ఫోన్ చేశాడు. ఆమె ఒకప్పుడు బడిలో రసాయన శాస్త్రం చెప్పేది. సోమవారం సాయంత్రం వచ్చి, షెడ్డులో నిలబడి మోత విన్నది.

“గిటార్లు నా పరిధిలో లేవు. కానీ ఒకటి అడుగుతా. ఇది నిజంగా మారుతుందని ఎవరైనా చూశారా?” అంది.

“అందరికీ తెలుసండీ” అన్నాడు క్లైవ్.

“అందరూ నా క్లాసులోనే కూర్చున్నారు నాయనా. వాళ్ళకేం తెలుసో నాకు తెలుసు.”

క్లైవ్ ఒకే రకం స్పీకర్లు రెండు కొన్నాడు. ఒకటి మోగుతోంది, రెండోది ఇంకా అట్టపెట్టెలోనే ఉంది. రెండిటినీ పక్కపక్కన పెట్టి పరీక్షిద్దామని ఓల్విన్ చెప్పింది. మంగళవారం ఆరు గంటలకు క్లైవ్ గోడ వైపు తిరిగి, గిటార్ మీద ఒకే మెట్టును పదిసార్లు మీటాడు. మీటే ముందు ప్రతిసారీ బ్రెండా తన ఇష్టమొచ్చిన స్పీకర్‌కు తీగ తగిలించింది. ఏది సాగిందో, ఏది కొత్తదో క్లైవ్ చెప్పాలి.

ఐదు సరిగ్గా చెప్పాడు. ఐదు తప్పు.

“ఏడోసారి ‘ఆహా, ఇదీ వెన్నంటే’ అన్నావు చూడు, అది పెట్టెలోంచి తీసింది” అంది బ్రెండా.

“పొద్దున్నుంచీ బస్సు ఇంజను విని విని నా చెవులు అలిసిపోయాయి.”

“ఎనిమిదోసారి నేను తీగ ముట్టుకోనే లేదు. ‘అబ్బ, సూది’ అన్నావు.”

క్లైవ్ ఒప్పుకోలేదు. మోత కొనసాగింది.

బుధవారం సాయంత్రం హోరేస్ ఎప్పటిలాగే ఇరవై రెండు పావురాలను ఎగరేసి, ఆరింటికి గింజల డబ్బా గలగలలాడించాడు. వారం మొదట్లో మోత మోగుతుంటే అవి ఒక్కొక్కటే గింజుకుంటూ దిగేవి. ఆ రోజు అన్నీ ఒక్కసారిగా గూట్లోకి దూరాయి. క్లైవ్ కంచె మీదుగా తల పెట్టాడు.

“చూశారా? మెత్తబడింది! పక్షులకు తెలిసిపోయింది.”

“మెత్తబడింది నీ స్పీకర్ కాదయ్యా, నా పావురాలు. అలవాటు పడ్డాయి.”

ఓల్విన్ ఫోన్‌లోనే దారి చెప్పింది. గురువారం పెట్టెలోని స్పీకర్‌ను మోగించాలి. పావురాలు బెదిరితే స్పీకర్లు మారతాయని, బెదరకపోతే మారింది పావురాలేనని తేలుతుంది. గురువారం కొత్త స్పీకర్ ఇరవై నిమిషాలు మోగింది. ఇరవై రెండు పావురాలూ నిమిషం లోపు గూట్లో ఉన్నాయి.

“పావురాలకు సన్న స్వరాలు వినపడవండీ. వాటిదేం సాక్ష్యం?” అన్నాడు క్లైవ్.

“నిన్న వినపడ్డాయిగా” అంది బ్రెండా.

శుక్రవారం సాయంత్రం ఐదింటికి నలభై గంటలు పూర్తయ్యాయి. క్లైవ్ మీట కట్టేశాడు. సాగిన స్పీకర్‌ను చెక్కపెట్టెలో బిగించి, మర్నాటి సాయంత్రం పబ్బులో వాయించడానికి, శబ్దం పెంచే యాంప్‌తో సహా వ్యానులోకి ఎక్కించాడు. రెండోది ఇంకా పక్వానికి రాలేదని షెడ్డులోనే వదిలేశాడు. హోరేస్, క్లైవ్ చేతులు కలుపుకున్నారు.

శనివారం ఉదయం 9 గంటల 15 నిమిషాలకు వేమత్‌లో పావురాలను వదిలారు. టిప్టన్‌లో క్లైవ్ రేడియో కూడా పెట్టలేదు. బ్రెండా గిన్నెలు కడగడం ఆపింది. ఓల్విన్ గడియారం పక్కన కుర్చీ వేసుకుని కూర్చుంది.

12 గంటల 8 నిమిషాలకు మేవిస్ కప్పు మీద వాలింది. హోరేస్ డబ్బా గలగలలాడించాడు. మేవిస్ దిగలేదు. తల ఒకపక్కకు వంచి షెడ్డు వైపు చూసింది. హోరేస్ ఈల వేశాడు, గింజలు చల్లాడు, బతిమాలాడు. 12 గంటల 10 నిమిషాలకు కంచె మీద గుద్దాడు.

“క్లైవ్! మోత పెట్టవయ్యా!”

“ఆపమన్నారుగా!”

“వారం రోజులు మోతలోనే తిండి పెట్టాను. ఇప్పుడు మోత లేందే అది తిండనుకోవడం లేదు. పెట్టు!”

క్లైవ్ వ్యానులోంచి యాంప్ మోసుకుంటూ పరిగెత్తుకొచ్చాడు. చెక్కపెట్టె దించాలంటే ఇద్దరు మనుషులు కావాలి. అతను షెడ్డులో ఉన్న స్పీకర్‌ను చేతిలోకి తీసుకుని ఆగాడు.

“ఇదయితే ఇరవై నిమిషాలే మోగిందండీ. బిగుసుగా ఉంటుంది, దానికి నచ్చుతుందో లేదో...”

“నొక్కు!” అన్నారు హోరేస్, బ్రెండా, ఓల్విన్.

క్లైవ్ నొక్కాడు. స్పీకర్ గుంయ్‌మంది. మేవిస్ కప్పు మీద నుంచి నేరుగా గూటి గుమ్మంలోకి దిగింది. పలక మీద కాలు పెట్టేటప్పటికి గడియారంలో 12 గంటల 13 నిమిషాల 20 సెకన్లు.

క్లబ్బులో అన్ని గడియారాలూ సరిచూసేసరికి సాయంత్రం నాలుగయింది. ఒక్కో గూటి దూరం ఒక్కోలా ఉంటుంది కాబట్టి గెలుపు తేల్చేది సగటు వేగం. మేవిస్‌ది నిమిషానికి 1,299 గజాలు. రెండో స్థానంలో వచ్చిన పావురానిది 1,298.