కిటికీ వైపు నమాజు

నా నోరు ఊరుకోదు. మా ఆయన ఆనంద్ పెళ్లయిన కొత్తలోనే ఈ సంగతి కనిపెట్టి, నాతో వాదించడం మానేసి టీవీతో కాపురం చేస్తున్నాడు. ఆ రోజు సాయంత్రం కూడా ఊరుకోలేక ఒక మాట అడిగాను. అడగకుండా ఉండి ఉంటే ఏమయ్యేదో తలుచుకుంటే నాకు ఇప్పటికీ ఒళ్లు జలదరిస్తుంది.

గిద్దలూరు బస్టాండు వెనక సందులో నాది చిన్న దుకాణం. చీరలకు ఫాల్స్ కుడతాను, పీకో చేస్తాను. పక్క వాటాలో బాషాబీ చిన్నమ్మ ఉంటుంది. ఆమె కూతురు రిహానా జెడ్డాలో ఒక ఇంట్లో పనికి వెళ్లి ఏడాది కావస్తోంది. చిన్నమ్మ ఫోనులో మాటలు తప్ప మనుషులు కనిపించరు కాబట్టి రిహానా వీడియో కాల్ నా ఫోనుకే చేస్తుంది. చిన్నమ్మ నా మిషను పక్కన స్టూలు వేసుకుని కూతుర్ని కళ్లారా చూసుకుంటుంది. నేను కుడుతూ వింటూ ఉంటాను. విననట్టు నటించడం నాకు చేతకాదు.

రిహానా వెళ్లింది తన కూతురు తబస్సుమ్ కోసం. ఆ పిల్లకు పుట్టుకతోనే గుండెలో రంధ్రం. తోటి పిల్లలు తొక్కుడుబిళ్ల ఆడుతుంటే ఇది అరుగు మీద కూర్చుని ఆయాసపడేది. మార్కాపురంలో పలకల ఫ్యాక్టరీ మూతపడ్డాక రిహానా మొగుడు షోయబ్‌కు నిలకడైన పని లేదు. ఎవరో ఏజెంటు జెడ్డా అన్నాడు, ఈమె సరే అంది. "అంత దూరం ఎట్ల పోతావే?" అని నేను కేకలేస్తే నవ్వింది. "మక్కా పక్కూరంటక్కా అది. అక్కడ్నుంచి పాప కోసం అడిగితే అల్లాకు దగ్గరగా వినపడ్తాది" అంది. సరదాకి అన్నట్టే అంది గానీ, ఆ మాట మీదే విమానం ఎక్కిందని నాకు తెలుసు.

మొత్తానికి ఆపరేషన్ రోజు దగ్గరపడింది. షోయబ్ పిల్లను తీసుకుని ముందే కర్నూలు ఆసుపత్రికి వెళ్లాడు. చిన్నమ్మ మర్నాడు పొద్దున బయలుదేరాలి. దుప్పట్లు, ఫ్లాస్కు, పిల్ల గౌన్లు అన్నీ సంచిలో సర్ది, కూతురితో ఒకసారి మాట్లాడి పోదామని నా దుకాణానికి వచ్చింది. మాకు అప్పుడే దీపాలు పెట్టే వేళ. ఫోనులో చూస్తే జెడ్డాలో ఇంకా ఫెళ్లున ఎండ.

రిహానా చిక్కిపోయింది. అయినా మొహం నిండా నవ్వు. "అమ్మీ, నాకు అసర్, సాయంత్రం నమాజు టైమయింది. పాప ఆపరేషన్ బాగా జరగాలని అడుగుతా. మీరు చూస్తా ఉండండి, కట్ చేయొద్దు" అని ఫోనును వెనకాల దేనికో ఆనించి నిలబెట్టింది.

ఎప్పుడు ఫోన్ చేసినా మాకు కనిపించేది అదే. ఒక పెద్ద కిటికీ, దూరంగా మేడల సందులో నీలంగా సముద్రం. గది చల్లగా ఉంటుందనీ, మేడమ్ మంచిదనీ రిహానా చెప్పేది. నిజం చెప్పొద్దూ, నాకు కాస్త కుళ్లు కూడా ఉండేది. మా ఇంట్లో కిటికీ తెరిస్తే మున్సిపాలిటీ కాలవ కనిపిస్తుంది.

రిహానా మా వైపు వీపు పెట్టి, కిటికీ వైపు తిరిగి నిలబడింది. వాలుతున్న ఎండ నేరుగా ఆమె మొహం మీద పడుతోంది. ఆ ఎండ చూడగానే నా బుర్రలో పురుగు తొలిచింది.

నమాజుకు వాళ్లు పడమరకే ఎందుకు తిరుగుతారో నేను చిన్నమ్మను ఎప్పుడో అడిగాను. "మీ దేవుడు పడమర ఉంటాడా?" అంటే, "నీ మొహం" అంది. "అల్లాకు దిక్కేంది? మక్కాలో కాబా ఉంది. అల్లాను మొక్కడానికి కట్టిన మొట్టమొదటి ఇల్లు అది. లోకంలో ఎవరు యాడున్నా నమాజుకు ఆ ఇంటి పక్కకే తిరగాలని మాకు హుకుం. లేకుంటే తలా ఒక పక్కకు నిలబడి, నాదే సరైన దిక్కని కొట్టుకుంటారు గదా. మేం మొక్కేది ఆ ఇంటికి కాదు, ఆ ఇంటాయనకు." నాకు ఆ మాట నచ్చింది. పీకో చేసేటప్పుడు కూడా కన్ను ఒకచోట నిలపకపోతే అంచు వంకర పోతుంది.

రిహానా వెళ్లిన రోజు ఆనంద్ ఫోనులో మ్యాపు తెరిచి జెడ్డా ఎక్కడుందో చూపించాడు. ఈ పక్క మనం, తర్వాత సముద్రం, ఆ తర్వాత ఎడారి, అందులో మక్కా. మక్కా కూడా దాటాక, ఇంకో సముద్రం ఒడ్డున జెడ్డా.

"చిన్నమ్మా, మక్కా మనకు పడమర. రిహానా మక్కా కూడా దాటి అవతలికి పోయింది గదా. మరి ఆమె ఇంకా పొద్దు గుంకే పక్కకే తిరిగిందేంది?" అన్నాను.

"ఏందే నీ వాగుడు, అది నమాజులో ఉంటే" అని కసిరింది చిన్నమ్మ.

"అది కాదు చిన్నమ్మా. మనకు నంద్యాల పడమర. రేపు నువ్వు నంద్యాల దాటి కర్నూలు పోతావు. అక్కడ నిలబడి నంద్యాలను చూడాలంటే ముందుకు చూస్తావా, వెనక్కి చూస్తావా?"

నేను తెలివైన మాట అన్నానన్న సంబరంతో నవ్వాను కూడా. చిన్నమ్మ నవ్వలేదు. ఆమె చేతిలో తిరుగుతున్న తస్బీ జపమాల పూసలు ఆగిపోయాయి. "యా అల్లా" అని ఒక్క మాట అని, ఫోనులో వంగి లేస్తున్న కూతురి వీపు వంక నోరు తెరుచుకుని చూస్తూ ఉండిపోయింది.

రిహానా సలాం తిప్పి నమాజు ముగించి, చేతులు పట్టి చాలాసేపు కూతురి కోసం అడిగింది. తర్వాత కళ్లు తుడుచుకుంటూ మా వైపు తిరిగింది.

"రిహానా, మీ మేడమ్ వాళ్లు మక్కాకు పోతారంటివే. కారు యా పక్కకు పోతాది?" అని అడిగింది చిన్నమ్మ.

"యా పక్క ఏంది అమ్మీ, ఇటు సముద్రం గదా. మక్కా రోడ్డు ఇంటికి ఆ పక్క..."

రిహానా చెయ్యెత్తి చూపించింది. కిటికీకి సరిగ్గా ఎదురు దిక్కుకు, మా వైపుకు. చూపించిన చెయ్యి గాల్లోనే ఉండిపోయింది. తల తిప్పి కిటికీని చూసింది, మళ్లీ తన చేతిని చూసుకుంది. ఆ చెయ్యి ఆమెది కానట్టు చూసుకుంది.

"అమ్మీ" అంది. "నేను ఇన్నాళ్లూ కాబాకు వీపు పెట్టినానా?"

చిన్నమ్మ స్టూలును ఫోనుకు దగ్గరగా జరుపుకుంది.

"పాప కోసం చేసిన నమాజులన్నీ? రంజాన్ రోజాలుండి అడిగినవన్నీ? కాబాకు ఇంత దగ్గరకొచ్చి, వీపు పెట్టి అడిగినానా అమ్మీ?" రిహానా ఏడవడం లేదు. ఏడిస్తే బాగుండునని నాకనిపించింది. "ఎల్లుండి పాప గుండె కోస్తారు గదా."

నాకు భయం వేసి, ఆ భయం కోపంగా బయటికొచ్చింది. "అంత పెద్ద ఊర్లో కాబా యా దిక్కని ఒక్కర్ని అడగలేకపోయినావా?" అన్నాను.

"ఎవర్ని అడగాలక్కా?" అంది రిహానా. ఆ జవాబు నాకప్పుడు అర్థం కాలేదు. మన ఊర్లో చిన్నప్పటి నుంచీ పొద్దు గుంకే పక్కకు తిరిగిన మనిషికి అనుమానం రాలేదేమోలే అనుకున్నాను.

చిన్నమ్మ తేరుకుంది. "తెలియక చేసినావు బిడ్డా, అల్లాకు నీ మనసు తెలీదా? ఇప్పుడే మసీదులో హజ్రత్‌ను అడిగొస్తా, అవి చెల్లుతాయో లేదో. నువ్వు ముందు ఈ అసర్ మళ్లీ చెయ్యి. సరిగ్గా తిరిగి చెయ్యి."

రిహానా కంగారుగా ఫోను తీసింది. ఇంతకాలం ఫోను ఉండే చోటుకే ఇప్పుడు ఆమె మొహం పెట్టి నిలబడాలి. అందుకని ఫోనును తెచ్చి కిటికీ గట్టు మీద పెట్టి, చాప అటు తిప్పి పరిచింది. మేం ఆ గదిని మొదటిసారి చూశాం.

అది గది కాదు. బట్టలుతికే కొట్టు. ఒక గోడకు రెండు వాషింగ్ మిషన్లు, వాటి మీద సబ్బుపొడి డబ్బాలు, కప్పుకు తగిలేంత ఎత్తున ఇస్త్రీకి పడేసిన బట్టల గుట్ట. మూలకు మడిచి నిలబెట్టిన పల్చటి పరుపు. ఆ మిషన్ల నడుమ చాప పట్టేంత జాగా, చాపకు ఎదురుగా తలుపు. తలుపుకు లోపలి వైపు పిడి లేదు, గడియా లేదు. పిడి ఉండాల్సిన చోట బొక్కలో గుడ్డపేలిక కుక్కి ఉంది.

"చిన్నమ్మా" అన్నాను. ఆమె నా చెయ్యి పట్టుకుంది. ఆమె కూడా తలుపునే చూస్తోంది.

రిహానా నమాజు మొదలుపెట్టింది. మేము చూస్తున్నామన్న ధ్యాస కూడా ఆమెకు ఉన్నట్టు లేదు. నుదురు నేలకు ఆనించింది. సరిగ్గా అప్పుడే బయట గొళ్లెం తీసిన చప్పుడు, తాళం తిరిగిన చప్పుడు. తలుపు తెరుచుకుంది. చెప్పులేసుకున్న రెండు పాదాలు వచ్చి చాప అంచున ఆగాయి, రిహానా తలకు జానెడు దూరంలో.

ఆ మేడమే అయ్యుండాలి, అరబ్బీలో ఏదో అంది. రిహానా లేవలేదు. మళ్లీ అంది, ఈసారి గట్టిగా. రిహానా తన పద్ధతిలో తాను లేచి కూర్చుని, మళ్లీ వంగి, మళ్లీ నేలకు తల ఆనించింది. ఆవిడ నిట్టూర్చి, చేతిలోని మాసిన బట్టలు చాప పక్కన కుమ్మరించి వెళ్లిపోయింది. తలుపు మూసుకుంది. తాళం తిరిగింది. గొళ్లెం పడింది.

మా ఇంట్లో మేకపిల్లను కూడా పగలు అట్లా కట్టి పెట్టం. నాకు ఆ ఫోనులో చెయ్యి పెట్టి ఆవిడ జుట్టు పట్టుకోవాలనిపించింది.

రిహానా నమాజు ముగించి వచ్చి ఫోను తీసింది. కళ్లు వెలుగుతున్నాయి. "ఇప్పుడు సరిగ్గా చేసినా గదా అమ్మీ?" అంది.

"చేసినావు బిడ్డా, చానా బాగా చేసినావు" అంది చిన్నమ్మ. తర్వాత అడిగింది. "తలుపు బయట తాళం ఎందుకేస్తారు?"

రిహానా మొహంలో వెలుగు పోయింది. వెనక్కి తిరిగి ఆ గదిని ఒకసారి చూసుకుంది. మాకు ఏమేం కనిపించిందో లెక్క వేసుకుంటున్నట్టుంది.

"పనున్నప్పుడు తీస్తారు అమ్మీ."

"పని లేనప్పుడు?"

"అన్నం పెడ్తారు. కొట్టరు."

"బయటికి ఎప్పుడు పోయినావు?"

రిహానా తలుపు వైపు చూసింది. చిన్నమ్మ దఖ్నీ ఉర్దూలోకి మారి గబగబా ఏదో అడిగింది. రిహానా తల అడ్డంగా ఊపింది. పాస్‌పోర్టు అన్న మాట ఒక్కటే నాకు అర్థమయింది. అప్పుడు రిహానా నా కోసమే అన్నట్టు తెలుగులో అంది. "అక్కా, ఎవరికీ చెప్పొద్దు. పాప ఆపరేషన్ అయ్యేదాకా జీతం ఆగకూడదు. తర్వాత చూద్దాం. అమ్మీకి నువ్వన్నా చెప్పక్కా." మళ్లీ తాళం చప్పుడైంది. ఫోను కట్టయిపోయింది.

ఏడాది పాటు ఆ కిటికీని చూసి కుళ్లుకున్నాను. ఎవర్ని అడగాలక్కా అన్న మాట చెవుల్లో గింగురుమంటోంది. నిజమే, ఎవర్ని అడుగుతుంది? వాషింగ్ మిషన్లనా?

చిన్నమ్మ ఏడుస్తుందని ఎదురుచూశాను. ఆమె లేచి, కొక్కేనికి తగిలించిన బురఖా తీసుకుని వేసుకుంది.

"హజ్రత్ దగ్గరకా చిన్నమ్మా? ఆ నమాజులు చెల్లుతాయో లేదో అడగడానికా?"

"వాటి సంగతి అల్లా చూసుకుంటాడు" అంది చిన్నమ్మ. "ఆ తలుపు సంగతి నేను చూడాల. పోలీస్ స్టేషన్‌కు పోతా. ముందు ఆ ఏజెంటును పట్టుకుంటే మిగతాది వాడే చెప్తాడు."

"రిహానా ఆగమనింది గదా. ఆపరేషన్‌కు ముందు జీతం ఆగిపోతే?"

చిన్నమ్మ గుమ్మంలో ఆగి నా వైపు తిరిగింది. నేను ఆమెను పుట్టింటి మనిషిలా ఎరుగుదును. అంత కోపం ఆమె మొహంలో ఎప్పుడూ చూడలేదు.

"గుండె కోసి కుట్టినాక ఆ పిల్ల కళ్లు తెరిచి, మా అమ్మ యాడుందని అడుగుతాది. నీ గుండె ఖర్చు కోసం మీ అమ్మను తాళమేసి పెట్టినామని చెప్పాలనా?"

మిషను మీద చీర సగం కుట్టి అట్లాగే ఉంది. లైటు తీసేసి, షట్టరు దించి, ఆమె వెంట నడిచాను.