తొంభై ఒకటో పిల్ల

కోరుట్ల నుంచి బదిలీ మీద సిరిసిల్ల బాలికల బడికి వచ్చిన జగదీశ్ సారుకు లెక్కలంటే ప్రేమ. లెక్కల్లో తనంతవాడు లేడని ఎవరైనా అంటే ఇంకా ప్రేమ. మొన్ననే జగిత్యాలలో టీచర్లందరినీ కూర్చోబెట్టి ప్రధాన సంఖ్యల మీద గంటన్నర దంచాడు. నిద్రపోయినవాళ్లను మాత్రం లెక్కపెట్టలేదు.

పంద్రాగస్టు డ్రిల్లుకు తొంభై ఒక్క మంది పిల్లలు తయారయ్యారు. వరుసలన్నీ సమానంగా ఉండాలన్నాడు డ్రిల్లు సారు. జగదీశ్ కళ్లు మూసుకుని రెండుతో, మూడుతో, ఐదుతో భాగించి చూశాడు. పోలేదు. ఏడు దాకా వెళ్లడం తన స్థాయికి తక్కువ అనిపించిందో ఏమో, అక్కడే ఆగిపోయాడు.

"తొంభై ఒకటి ప్రధాన సంఖ్య. ఎట్ల నిలబెట్టినా సమానం రాదు. ఒకరిని తీసెయ్యాలె," అని తీర్పు చెప్పాడు.

హాజరు పట్టీలో చివరి పేరు సౌమ్యది. నెల రోజులు ఎండలో కవాతు చేసిన పిల్ల పక్కకు వెళ్లి నిలబడింది.

మర్నాడు సౌమ్య బడికి రాలేదు. పంద్రాగస్టుకు ఇంకా రెండు రోజులే ఉన్నాయి. జగదీశ్‌కు మధ్యాహ్నం అన్నం సహించలేదు. సాయంత్రం వాళ్లింటికి బయలుదేరాడు, తప్పు ఒప్పుకోవడానికి కాదు సుమా, ఆ పిల్లకు సంఖ్యల స్వభావం వివరించడానికి.

సౌమ్య నాయనమ్మ మొగిలవ్వ మరమగ్గాలకు నూలు కండెలు చుడుతోంది. చుట్టినవాటిని గోడవారన వరుస మీద వరుసగా పేరుస్తోంది.

"అవ్వా, నా తప్పేం లేదు. తొంభై ఒకటి మొండి సంఖ్య. ఎట్ల పంచినా ఒకటి మిగుల్తది," అన్నాడు జగదీశ్.

మొగిలవ్వ చెయ్యి ఆపలేదు. "నా కుప్ప గంతే కద సారూ. అడుగున పదమూడు పెట్టి, వరుసకొకటి తక్కువ చేసుకుంట పోతే మీద ఒక్కటి కూసుంటది. తొంభై ఒకటి. ఎంచే పనే లేదు. మా ఏడు సాంచలకు, గదే మగ్గాలకు, తలా పదమూడు పోతయి. ముప్పై ఏండ్ల సంది ఒక్కటి మిగల్లే."

జగదీశ్‌కు వచ్చిన ఏడో ఎక్కం పదితో ఆగుతుంది. వేళ్లు మడిచి ఇంకో మూడు మెట్లు ఎక్కాడు. ఏడు పదమూళ్లు తొంభై ఒకటి.

తలుపు దగ్గర సౌమ్య నిలబడి ఉంది.

"నీకు తెల్సా గీ లెక్క?"

"తెల్సు సార్. రోజూ కండెలు పంచేది నేనే."

"మరి గప్పుడే ఎందుకు చెప్పలే?"

"మీరు లెక్కల సార్ కద. నాదే తప్పేమో అనుకున్న."

జగదీశ్‌కు సిగ్గుతో ప్రాణం పోయినంత పనైంది. "తప్పు నాదే బిడ్డా," అన్నాడు. ఇరవై రెండేళ్ల ఉద్యోగంలో ఆ మాట నోట్లోంచి రావడం అదే మొదలు. పెద్ద కష్టంగా కూడా లేదు.

పంద్రాగస్టు నాడు డ్రిల్లు సారు సమాన వరుసల పట్టు వదిలేశాడు. మొగిలవ్వ కుప్పలాగే వెనక వరుసలో పదమూడు మంది, దాని ముందు పన్నెండు మంది, అలా తగ్గుకుంటూ వచ్చి అందరికన్నా ముందు ఒక్కతే సౌమ్య. మైదానమంతా చప్పట్లు. ఇంత చక్కటి ఆలోచన చేసిన లెక్కల సారును వేదిక మీదకు రమ్మని అతిథి మైకులో పిలిచాడు.

ఊరికే వెళ్లి శాలువా కప్పించుకుంటే సరిపోయేది. జగదీశ్ మైకు అందుకున్నాడు.

"ఆలోచన మొగిలవ్వది సార్. నేనైతే గా ముందల నిలబడ్డ పిల్లను తీసేసిన."