ప్రసాద్ తాగలేదు

ప్రసాద్ పోయిన రెండేళ్లకు అతని చెల్లెలు స్వర్ణకు చేతులు వణకడం మొదలైంది. ఆ పిల్ల దగ్గర్లోని కోట టౌన్లో డిగ్రీ రెండో సంవత్సరం చదువుతోంది. అక్షరాలు వంకర్లు పోతున్నాయి, పరీక్షలో సగం రాయకముందే టైమైపోతోంది. తల్లి చెంచమ్మ అది గమనించింది. ఆ వణుకు ఆమెకు కొత్త కాదు.

ప్రసాద్‌కీ ఇరవై రెండేళ్లప్పుడు ఇట్లనే మొదలైంది. వలకు ముడి వేయలేకపోయేవాడు. మాట ముద్దముద్దగా వచ్చేది, నడక తూలేది, కళ్లు పచ్చబడినాయి. సముద్రం ఒడ్డున ఉన్న ఆ పల్లెలో మనిషి తూలితే తాగుడు తప్ప ఇంకో కారణం ఎవరికీ తట్టదు. "నేను తాగలేదు మా" అంటే ఆ మాట కూడా తాగినోడి మాటలాగే వినిపించేది. చెంచమ్మ చెంప పగలగొట్టింది. ఊరి పెద్ద పోలేరయ్య పంచాయితీ పెట్టి, ప్రసాద్‌ను ఎవరూ బోటు ఎక్కించుకోకూడదని కట్టుబాటు చేసినాడు. తాగుడు మాన్పించమని అందరూ అంటే తండ్రి పెంచలయ్య కొడుకును మూడు రోజులు ఇంటి గుంజకు కట్టేసినాడు. దగ్గర్లో ఉన్న డాక్టరు పొట్ట నొక్కి చూసి, "లివర్ చెడింది, తాగుడు మానితేనే బతుకుతాడు" అని పంపేసినాడు. పొట్ట ఉబ్బి, ఆ తర్వాత పద్నాలుగు నెలలకు ప్రసాద్ చనిపోయినాడు. పాడె కట్టేచోటే ఎవరో అన్నారు, ఇంత చిన్న వయసులో అంత తాగుడేందని.

అందుకే స్వర్ణను చెంచమ్మ ఆ డాక్టరు దగ్గరికి తీసుకుపోలేదు. భర్తను వెంటబెట్టుకుని నేరుగా నెల్లూరు పోయింది. నరాల డాక్టరమ్మ స్వర్ణ చేత గీతలు గీయించి, కంటి పరీక్షకు పంపింది. నల్లగుడ్డు అంచు చుట్టూ సన్నగా గోధుమరంగు వలయం ఉందని అక్కడ తేలింది. రక్తం తీసుకున్నారు, ఒక రోజంతా పట్టిన మూత్రం తెమ్మన్నారు. రిపోర్టులు వచ్చాక డాక్టరమ్మ ముగ్గుర్నీ కూర్చోబెట్టింది.

"దీన్ని విల్సన్ జబ్బంటారు. మన తిండిలో కొంచెం రాగి ఉంటుంది. ఎక్కువైన రాగిని లివర్ బయటికి పంపేయాలి. ఈ పాపకు పుట్టుకతోనే ఆ పని సరిగా జరగడం లేదు. ఆ రాగి లివర్లో, మెదడులో పేరుకుంటోంది. ఇది తల్లి వైపు నుంచీ తండ్రి వైపు నుంచీ కలిసి వచ్చేది. మీరిద్దరూ చుట్టాలా?"

"మా మేనమామ కూతురే" అన్నాడు పెంచలయ్య.

"ఇంట్లో ఇంకెవరికైనా ఇట్లా ఉండేదా?"

"అబ్బాయికి చేతులు వణికేవి. వాడు తాగి పోయినాడు లేమ్మా."

డాక్టరమ్మ రాయడం ఆపింది. "తాగుతుంటే మీరు చూసినారా?"

పెంచలయ్య భార్య వైపు చూసినాడు.

"పోనీ, నోరు వాసన వచ్చేదా?"

చెంచమ్మే చెప్పింది. "రాలేదమ్మా. ఒక్కరోజూ రాలేదు. ఇల్లంతా వెతికినా సీసా దొరకలేదు. యాడో దాస్తా ఉండాడనుకున్నాం."

మందు ఉందంది డాక్టరమ్మ. నోటితో మింగే క్యాప్సూల్సే. పరగడుపున మింగి, గంట దాకా ఏమీ తినకూడదు. జీవితాంతం వాడాలి, ఒక్కపూట కూడా మానకూడదు. రొయ్యలు, పీతలు ముట్టకూడదు. మొదట్లో వణుకు పెరిగినా పెరగొచ్చు, అప్పుడు తన దగ్గరికి రావాలిగానీ సొంతంగా మానేయకూడదు.

"మా అన్నకు ఇదే ఇచ్చుంటే?" అని అడిగింది స్వర్ణ.

"మొదట్లోనే కనిపెట్టి ఉంటే బతికే అవకాశం చాలా ఉండేది" అంది డాక్టరమ్మ.

బస్సు దిగి పల్లె వైపు నడుస్తుంటే పెంచలయ్య గొంతు తగ్గించినాడు. "అడిగితే నరాల బలహీనత అని చెప్పండి. రేపు పాపకు సంబంధాలు చూడాల గదా."

స్వర్ణ ఇంట్లోకి వచ్చినాక మందు డబ్బా తండ్రి ముందు పెట్టింది.

"నాయనా, అన్న తాగలేదని నువ్వు ఊళ్లో చెప్పు. చెప్పిన రోజు నేను మింగతా."

"పిచ్చి పట్టిందా నీకు? పోయినోడు ఎట్లాగూ పోయినాడు."

"నా పెళ్లి కోసం వాడు తాగుబోతుగానే ఉండాల్నా? ఆ పెళ్లి నాకొద్దు, ఈ మందూ వద్దు!"

పెంచలయ్య అరిచినాడు, చెయ్యెత్తినాడు, కాళ్లు పట్టుకున్నంత పని చేసినాడు. మూడు రోజులు గడిచినా ఆ పిల్ల డబ్బా మూత తీయలేదు.

నాలుగో రోజు పొద్దున బోట్లు ఒడ్డుకు వచ్చినాయి. ఇసుకలో చేపల వేలంపాట జరుగుతోంది. పోలేరయ్య, పెద్దమనుషులు షెడ్డు కింద కూర్చున్నారు. ఆడవాళ్లు బుట్టలతో పాట పాడతారే తప్ప, ఆ షెడ్డు కింద నోరెత్తరు. చెంచమ్మ రిపోర్టు కాగితాలు పట్టుకుని నేరుగా వాళ్ల మధ్యకు పోయి నిలబడింది.

"నా కొడుకు తాగలా. వాడిది పుట్టుకతో వచ్చిన జబ్బు. నా కూతురికీ అదే వచ్చింది. ఇదో, డాక్టరు రాసిచ్చింది."

పోలేరయ్య కాగితం వైపు చూడలేదు. "అప్పుడు మాకేం తెలుసమ్మా? డాక్టరే తాగుడన్నాడు గదా."

"తాగుబోతని చెప్పి పంపిస్తే డాక్టరు ఇంకేమంటాడు? ముందు చెప్పింది నేనే. ముందు కొట్టిందీ నేనే. ఇంతమందిమి ఉండి ఒక్కరన్నా వాడి నోటి దగ్గర ముక్కు పెట్టి చూసినామా? వాడి మీద పెట్టిన కట్టుబాటు తీసేయండి."

"చచ్చినోడికి కట్టుబాటు తీసేదేందమ్మా!" అన్నాడు పోలేరయ్య. ఎవరో నవ్వినారు.

ఆ నవ్వు పెంచలయ్య చెవిన పడింది. అతను తాను పనిచేసే పోలేరయ్య బోటు పక్కన వల దులుపుతున్నాడు. వల అక్కడే పడేసి వచ్చినాడు.

"ఎవుడ్రా నవ్వింది? నా బిడ్డ తాగలేదు! వాడు నీళ్లడిగితే, తాగుడు కోసం నాటకమాడతా ఉండాడని నీళ్లు కూడా ఇవ్వకుండా కట్టేసినా నేను. మీరంతా మెచ్చుకున్నారు. ఇప్పుడు నవ్వండి, నా మొహం చూసి నవ్వండి!"

ఎవరూ నవ్వలేదు. పోలేరయ్య తుండుగుడ్డ భుజాన వేసుకుని, "సరే సరే, పాట కానీండి, చేపలు చెడిపోతాయి" అన్నాడు. కట్టుబాటు తీసేశామని అనలేదు, తప్పయిందనీ అనలేదు.

మర్నాడు స్వర్ణ మొదటి మాత్ర మింగింది. పెంచలయ్య పోలేరయ్య బోటు మానుకుని కోట దగ్గర రొయ్యల గుంటల్లో పనికి కుదిరినాడు. నెల రోజులు స్వర్ణకు వణుకు పెరిగింది, గ్లాసు కూడా పట్టుకోలేకపోయింది. డాక్టరమ్మ మోతాదు మార్చింది. ఐదో నెలకు చెయ్యి కొంచెం నిలకడకు వచ్చింది. పరీక్షలో మెల్లగానైనా అన్ని ప్రశ్నలూ రాసింది. "మీ అన్న మంచి పిల్లోడు పాపా" అంటూ ఇంటికి వచ్చినవాళ్లకు మాత్రం ఆ పిల్ల కుర్చీ వేయలేదు.

ఒకరోజు తెల్లవారి చెంచమ్మ మాత్ర, నీళ్లు తెచ్చి ఇస్తే స్వర్ణ అంది, "షెడ్డు కింద మాట్లాడినావని నీమీద నా కోపం పోయిందనుకోబాక. వాడు తాగలేదని నీకు ఎన్నిసార్లు చెప్పినాడు!"

"పోవద్దులే. నామీద నాకే పోలా" అంది చెంచమ్మ. "మింగు."

స్వర్ణ మింగింది. అన్నానికి ఇంకా గంట టైముంది. ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకోకుండా గడప మీదే కూర్చున్నారు.