హనీమూన్ పేజీలో అబద్ధం

నాలుగింటికి అచ్చు ప్లేటు మిషనెక్కాలి. మూడుంపావుకి ప్రూఫ్ రీడర్ ఎర్ర పెన్ను ఆరో పేజీ మీద ఆగిపోయింది.

ప్రెస్సులో అందరూ ఆయన్ని భూతద్దం అంటారు. ముప్ఫై ఏళ్ళలో ఒక్క తప్పు కూడా ఆయన కళ్ళుగప్పి అచ్చులోకి పోలేదు. ఇప్పుడు బల్ల మీదున్నది సముద్రపొడ్డు హోటల్ వాళ్ళ బ్రోచరు. కొత్త జంటల కోసం. ఆరో పేజీలో హోటల్ మేనేజర్ స్వయంగా నాలుగు ముక్కలు రాశాడు. పూర్వం కొత్త దంపతుల చేత నెల పొడుగునా తేనె పులియబెట్టిన మద్యం తాగించేవారట. హనీమూన్ అన్న మాట అలా పుట్టిందట.

భూతద్దం రెండు లావుపాటి నిఘంటువులు తిరగేశాడు. ఆ కథకి సాక్ష్యం లేదు. ఉన్నది వేరే కథ. నాలుగున్నర శతాబ్దాల కిందట ఆ మాట వాడినవాళ్ళు వెక్కిరింపుగా వాడారు. మొదట్లో ప్రేమ తేనెలా ఉంటుంది, తర్వాత పున్నమి చంద్రుడిలా రోజుకింత తరుగుతుంది అని.

ఇంకొకరైతే చూసీచూడనట్టు సంతకం పడేసేవారు. ఆయనకీ ఈసారి అలాగే చేయాలనిపించింది. పని నచ్చితే రెండో అంతస్తులో సముద్రం వైపు గది మూడు రోజులు ఉచితమని మేనేజర్ మాటిచ్చాడు మరి. పెళ్ళయిన ఇరవయ్యారేళ్ళకి మొదటి హనీమూన్. ఆసుపత్రిలో నర్సుగా చేసే భార్య ముగ్గురి డ్యూటీలు నెత్తినేసుకుని ఆ మూడు రోజుల సెలవు సంపాదించింది. పెట్టె సర్ది మంచం కిందకి తోసేసింది కూడా.

అయినా చెయ్యి ఊరుకోలేదు. మేనేజర్‌కి ఫోన్ చేశాడు.

"మాస్టారూ, నేను గదులు అమ్మాలా, సన్యాసం అమ్మాలా?" అన్నాడు మేనేజర్.

"ఉన్నమాట రాద్దామండీ."

"ఉన్నమాటంటే ఉలుకెక్కువ. ఆ తరుగుడు గోల నా బ్రోచర్లో పడిందంటే మీ గదీ తరిగిపోతుంది."

ఫోన్ పెట్టేసరికి ఫోర్‌మన్ గుమ్మంలో నిలబడి ఉన్నాడు. "గురువుగారూ, ఇంకో పావుగంటే. తేనో, చంద్రుడో, ఏదో ఒకటి తేల్చండి."

భూతద్దం ఈసారి భార్యకి ఫోన్ చేసి అంతా చెప్పాడు.

"అయితే ఆ పెద్దమనుషులు సగం నెలే చూశారన్నమాట," అంది ఆవిడ.

"అదేంటే?"

"తరిగినవాడు అమావాస్య దాటితే మళ్ళీ పెరగడూ? మధ్యలోనే లేచి వెళ్ళిపోయుంటారు. సరే, ఇక్కడ పేషెంటుకి ఇంజెక్షన్ ఇవ్వాలి. ఆ గది గనక పోగొట్టారో, నిఘంటువుతోనే కాపురం చేసుకోండి."

ఆయన మేనేజర్ రాసిన నాలుగు ముక్కలూ కొట్టేశాడు. నిఘంటువులో ఉన్నది రాసి, దాని కింద భార్య అన్న మాట చేర్చి, మేనేజర్‌కి ఫోన్లో చదివి వినిపించాడు.

"మాస్టారూ, బంగారంలా ఉంది. పాత జంటలకి రెండో హనీమూన్. నిజంలో ఇంత వ్యాపారముందని నాకెవరూ చెప్పలేదే."

ప్లేటు నాలుగింటికి మిషనెక్కింది.

మూడు వారాల తర్వాత, ప్రయాణానికి రెండు రోజుల ముందు, మేనేజరే ఫోన్ చేశాడు. "మీ ఆరో పేజీ నా కొంప ముంచింది మాస్టారూ. పాతికేళ్ళు దాటిన జంటలు ఎగబడుతున్నారు. సముద్రం వైపు ఒక్క గదీ మిగల్లేదు. మీది కూడా ఇచ్చేశాను, ఏమీ అనుకోకండి. కాకపోతే ఎల్లుండి అమావాస్యకి వెనకవైపు ఒకటి ఖాళీ అవుతోంది."

"వెనకవైపంటే?"

"దుప్పట్లు ఉతికే షెడ్డు వైపు."

ఆ సంగతి భార్యకి చెప్పడానికి ఆయనకి రెండు కప్పుల టీ పట్టింది. ఆవిడ మంచం కింద నుంచి పెట్టె లాగింది. సర్దింది తీసేస్తోందనుకుని ఆయన తల దించుకున్నాడు. అట్టడుగు నుంచి ఆయన రహస్యంగా దాచిన నిఘంటువు పైకొచ్చింది. ఆవిడ దాన్ని బల్ల మీద పడేసి, అది ఖాళీ చేసిన చోట టార్చిలైటు పెట్టింది.

"అమావాస్య అన్నారుగా," అని పెట్టె మూసింది.